స్పామ్ పంపేవాళ్ల మీద కసి తీర్చుకునే దారి ఏమైనా ఉందా?

అలసిన_ఇన్‌బాక్స్ (రాత్రి 11.42)

మూడు వారాలుగా రోజుకు రెండొందలకు తగ్గకుండా వస్తున్నాయి. బరువు తగ్గించే మాత్రలు, నకిలీ గడియారాలు, ఎవరో పోతూ పోతూ వదిలేసిన ఆస్తిలో నాకు వాటా. ఫిల్టర్ ఉంది. పట్టుకోవాల్సినవి వదిలేస్తుంది, వదలాల్సినవి పట్టుకుంటుంది. పోయిన వారం ఒక ఇంటర్వ్యూ పిలుపు స్పామ్ ఫోల్డర్‌లో మూడు రోజులు మగ్గింది. నేను చూసేసరికి తేదీ దాటిపోయింది.

అప్పటినుంచి లోపల కుతకుతలాడుతోంది. చిన్న స్క్రిప్ట్ రాశాను. ఒక స్పామ్ వస్తే పంపినవాడికి వెయ్యి మెయిళ్లు తిరిగి పోతాయి. నిన్న రాత్రి పరీక్షగా ఒకడి మీద ఆరొందలు వదిలాను కూడా. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది. దీన్ని ఇంకా ఘాటుగా చేయాలంటే ఎలా? "పట్టించుకోకండి, డిలీట్ కొట్టండి" అనే సలహాలు మాత్రం దయచేసి వద్దు. అవి ఇంట్లోనే బోలెడు దొరుకుతున్నాయి.

కుక్కకాటు_చెప్పుదెబ్బ (11.50)

అన్నా, నా పేరు చూశావుగా. ఫుల్ సపోర్ట్. వెయ్యి ఏం సరిపోతాయి, ఒక్కోదానికీ పది ఎంబీ ఫోటో తగిలించు.

నిదానం (11.58)

ఆరొందలు ఎవరికి పంపారు? అతనే పంపాడని ఎలా తెలిసింది?

అలసిన_ఇన్‌బాక్స్ (రాత్రి 12.03)

ఫ్రమ్ దగ్గర అడ్రసు ఉంది కదండీ.

పాత_పోస్ట్‌మ్యాన్ (12.20)

తిరకాసంతా అక్కడే ఉంది. ఉత్తరం కవరు వెనక ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయొచ్చు, డబ్బా మనల్ని ఏమీ అడగదు. ఈమెయిల్ తీరూ అదే. జాన్ పోస్టెల్ 1982లో మెయిల్ పంపే పద్ధతికి ఎస్‌ఎమ్‌టీపీ అనే నియమాలు రాసిపెట్టినప్పుడు నెట్ మీద ఉన్నది ఎక్కువగా యూనివర్సిటీల వాళ్లు, పరిశోధకులు. దొంగపేరుతో మెయిల్ పంపే అవసరం ఎవరికి వస్తుందని అప్పట్లో ఎవరూ పెద్దగా బెంగపడలేదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని, ఫ్రమ్‌లోని పేరు నిజమైనదేనా అని చూసే తాళాలన్నీ తర్వాత ఒక్కొక్కటిగా బిగించినవే. అవి ఇప్పటికీ అందరి తలుపులకూ లేవు.

స్పామర్ తన సొంత అడ్రసు ఎందుకు పెడతాడండీ? లక్షల మెయిళ్లు పంపితే అందులో చచ్చిపోయిన అడ్రసులు బోలెడు ఉంటాయి. ఆ తిరుగుటపాలన్నీ వచ్చి వాడి నెత్తినే పడతాయి. అందుకే తన లిస్టులోంచే ఒక అడ్రసు తీసి ఫ్రమ్‌లో పెడతాడు. అంటే మీలాగే స్పామ్ తింటున్న ఇంకో మనిషిది.

ఆ మెయిల్ పూర్తి హెడర్ (అది ఏ దారిన వచ్చిందో రాసి ఉండే పై భాగం) ఒకటి ఇక్కడ పెట్టండి. మీ అడ్రసు చెరిపేసి పెట్టండి.

మోడరేటర్ (12.41)

అలసిన_ఇన్‌బాక్స్ గారు పెట్టిన హెడర్‌లో మూడో మనిషి అడ్రసు కనబడుతుండటంతో పోస్టు తీసేశాను. చూడాల్సిన ఇద్దరు ముగ్గురికి విడిగా పంపాను.

సర్వర్‌కాపరి (12.55)

చూశాను. ఇది చదివే పద్ధతి అందరికీ పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

హెడర్‌లో "రిసీవ్డ్" అనే వరసలు వరుసగా ఉంటాయి. మెయిల్ దాటివచ్చిన ప్రతి సర్వర్ పైన ఒక వరస చేరుస్తుంది. కాబట్టి కింద నుంచి పైకి చదవాలి. కానీ నమ్మడం మాత్రం పై నుంచి మొదలుపెట్టాలి. మన సర్వర్ తన చేత్తో రాసిన వరసే మనకు గట్టి సాక్ష్యం. దాని కింద ఉన్నవి స్పామర్ అల్లి పెట్టినవి కూడా కావచ్చు.

ఈ మెయిల్‌లో పై వరసలో ఉన్న ఐపీ (నెట్ మీద కంప్యూటర్‌కుండే నంబరు) ఒక హోస్టింగ్ కంపెనీది, అంటే వెబ్‌సైట్లకు సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లది. కింద ఒక పీహెచ్‌పీ స్క్రిప్ట్ (సైటు సర్వర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) పేరు కూడా బయటపడింది. అంటే ఎవరిదో వెబ్‌సైట్ హ్యాక్ చేసి, అందులో ఫైలు పెట్టి, అక్కడినుంచి పంపిస్తున్నారు. ఎస్‌పీఎఫ్ దగ్గర ఫెయిల్ అని స్పష్టంగా ఉంది. ఫ్రమ్‌లో ఉన్న డొమైన్‌కీ (అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు) ఆ సర్వర్‌కీ ఏ సంబంధమూ లేదు. ఆ డొమైన్ తెరిచి చూశాను. అనువాదాలు చేసుకునే ఒకావిడ సొంత సైటు. మీ ఆరొందలూ ఆవిడకు వెళ్లాయి.

అలసిన_ఇన్‌బాక్స్ (1.02)

...

కుక్కకాటు_చెప్పుదెబ్బ (1.05)

ఆవిడే స్పామర్ అయితే?

సర్వర్‌కాపరి (1.31)

కాదు. ఎందుకంత గట్టిగా అంటున్నానంటే ఒకప్పుడు ఆవిడ స్థానంలో మేమే ఉన్నాం.

నేను ఒక చిన్న సంస్థకు మెయిల్ సర్వర్ చూసేవాణ్ని. ఒక సోమవారం పొద్దున వచ్చేసరికి నలభై వేల బౌన్సులు, అంటే తిరుగుటపాలు. ఎవడో మా డొమైన్ పేరు ఫ్రమ్‌లో పెట్టి రాత్రంతా పంపాడు. బౌన్సుల సంగతి సరే, రూలు రాసి తోసేశాను. అసలు దెబ్బ మధ్యాహ్నం నుంచి మొదలైంది. తిట్లు, బెదిరింపులు. మా అడ్రసును ఊరూపేరూ లేని న్యూస్‌లెటర్లన్నింటికీ చేర్చినవాళ్లు కొందరు. ఇదిగో, ఈ అన్న చెప్పినట్టే పెద్ద పెద్ద ఫైళ్లు తగిలించి పంపినవాళ్లు ఇంకొందరు. సాయంత్రానికి డిస్క్ నిండింది. రెండు రోజులపాటు మాకు రావాల్సిన అసలు మెయిళ్లు వెనక్కి పోయాయి. మమ్మల్ని ముంచింది స్పామర్ కాదు, స్పామర్ మీద కసి తీర్చుకుంటున్నామనుకున్న మంచివాళ్లు.

దీనికి "జో జాబ్" అని పేరే ఉంది. 1997లో జో అనే ఆయన నడిపే సైటులో ఒకడు స్పామ్ చేస్తుంటే ఆయన వాడి అకౌంట్ తీసేశాడు. ఆ కోపంతో వాడు జో పేరు మీద వేలకు వేలు స్పామ్ పంపాడు. అవి అందుకున్నవాళ్లు జో మీద విరుచుకుపడ్డారు, సైటు పడిపోయింది. గమనించారా, స్పామర్ తన చేత్తో ఆ సైటును తాకనే లేదు. మన కోపమే వాడి ఆయుధం.

ఊసుపోక (పొద్దున 6.48)

రాత్రి నేను లేనప్పుడే మంచి చర్చ జరిగింది. 😀

నా పద్ధతి వేరు. ఆస్తి వాటా మెయిళ్లకు జవాబు ఇస్తాను. వేరే అడ్రసుతోనే లెండి. ఎంతో ఆశపడుతున్నట్టు, ఏమీ అర్థం కానట్టు, ప్రతి మెయిల్‌లో మూడు అనుమానాలు అడుగుతూ. ఒకడితో అయిదు వారాలు నడిపాను. వాడు పంపిన ఫారం ప్రింటర్‌లో ఇరుక్కుపోయిందని రాస్తే, ప్రింటర్ బాగుచేయడం ఎలాగో వాడే వివరంగా రాసి పంపాడు. ఆ సలహా పనిచేసింది కూడా.

నిదానం (7.30)

నవ్వొచ్చింది గానీ, దీని వెనక లెక్క కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో కార్మాక్ హెర్లీ 2012లో ఒక పేపర్ రాశారు. ఆ మెయిళ్లు అంత నమ్మశక్యం కాకుండా ఎందుకు ఉంటాయన్నది ప్రశ్న. ఆయన జవాబు: కావాలనే అలా రాస్తారు. మెయిల్ పంపడానికి ఖర్చు లేదు. జవాబిచ్చినవాడితో వారాల తరబడి మాట్లాడటానికే ఖర్చు. అందుకని కాస్త తెలివున్నవాళ్లు మొదటి వాక్యానికే నవ్వి వెళ్లిపోవాలి, అంత చెత్తను కూడా నమ్మేవాళ్లే మిగలాలి. ఊసుపోక గారిలాంటివాళ్లు ఆ జల్లెడలోంచి జారి లోపలికి వచ్చేస్తే వాడి లెక్క తప్పుతుంది.

న్యూజిలాండ్‌లో నెట్‌సేఫ్ అనే సంస్థ 2017లో దీన్నే యంత్రానికి అప్పజెప్పింది. రీస్కామ్ అని పేరు. మనకు వచ్చిన మోసపు మెయిల్ దానికి ఫార్వర్డ్ చేస్తే, అది మనిషిలా మాట్లాడుతూ మోసగాడి సమయం తినేసేది.

చట్టం_చుట్టం (8.15)

ఊసుపోక గారికి ఒక్క మాట. సొంత పేరు, ఫోటో, ఫోన్ నంబరు, ఎక్కడ ఉంటారో తెలిసే ఏ ముక్కా ఇవ్వకండి. వాళ్లకు కూడా కోపాలు వస్తాయి.

ఇంకోటి. అవతల టైప్ చేస్తున్నది ఎవరో మనకు తెలియదు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ప్రకారం మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవై వేల మంది, కంబోడియాలో లక్ష మంది వరకు ఆన్‌లైన్ మోసాలు చేసే కేంద్రాల్లో బలవంతంగా పనిచేస్తుండవచ్చు. ఉద్యోగమని నమ్మి వెళ్లి ఇరుక్కున్నవాళ్లు వాళ్లు. అవి ఎక్కువగా చాట్ మోసాలే, మీ ఆస్తి మెయిల్‌వాడు ఆ రకమో కాదో చెప్పలేం. వాడి సమయం వృథా చేయండి, తప్పు లేదు. అవమానించి వీడియోలు పెట్టే సరదా మాత్రం నాకు నచ్చదు.

అలసిన_ఇన్‌బాక్స్ గారి స్క్రిప్ట్ సంగతి. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్ పని చేయకుండా ముంచెత్తడం చాలా దేశాల్లో నేరం. 2001 బుడాపెస్ట్ ఒప్పందంలో దానికి విడిగా ఒక అధికరణమే ఉంది. "వాడే మొదలుపెట్టాడు" అనేది అక్కడ చెల్లే జవాబు కాదు.

కుక్కకాటు_చెప్పుదెబ్బ (8.40)

అంటే దొంగకు ఏ భయమూ ఉండదు, మనకు మాత్రం అన్ని రూళ్లూ. బాగుంది. ఒక్కడు కొడితే తప్పు, సరే. లక్ష మంది కలిసి కొడితే?

పాత_పోస్ట్‌మ్యాన్ (9.25)

అది కూడా అయింది బాబూ. ఒకసారి కాదు.

1994 ఏప్రిల్‌లో అమెరికాలో ఇద్దరు లాయర్లు, కాంటర్, సీగల్ అని భార్యాభర్తలు, గ్రీన్‌కార్డ్ లాటరీ ప్రకటనను యూజ్‌నెట్ అనే అప్పటి చర్చావేదికలో అయిదు వేలకు పైగా గ్రూపుల్లో పోశారు. జనం మండిపడి తిరుగు మెయిళ్లు కుమ్మరించారు. పడిపోయింది ఎవరనుకున్నారు? వాళ్లకు నెట్ ఇచ్చిన కంపెనీ సర్వర్, మళ్లీ మళ్లీ. అదే సర్వర్ మీద ఉన్న మిగతా ఖాతాదారులు ఏ పాపమూ చేయలేదు. చివరికి ఆ కంపెనీ లాయర్ల అకౌంట్ పీకేసింది నిజమే. లాయర్లు మాత్రం ప్రకటనకు మంచి గిరాకీ వచ్చిందని చెప్పుకుంటూ, జనానికి కూడా ఇలాగే చేయండని నేర్పుతూ పుస్తకం రాశారు.

2004 చివర్లో లైకోస్ యూరప్ అనే నెట్ కంపెనీ ఒక స్క్రీన్‌సేవర్ ఇచ్చింది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు అది స్పామ్ ప్రకటనల సైట్లను అదే పనిగా అడుగుతూ వాళ్ల బ్యాండ్‌విడ్త్ బిల్లు పెంచుతుంది. పడగొట్టం, ఖర్చు మాత్రమే పెంచుతాం అన్నారు. కొన్ని సైట్లు పడిపోనే పోయాయి. ఇంకో సైటువాడు తెలివిగా, వచ్చిన ట్రాఫిక్ మొత్తాన్ని లైకోస్ వైపే తిప్పేశాడు. కొద్ది రోజులకే దాన్ని ఎత్తేశారు.

అసలు పాఠం బ్లూ సెక్యూరిటీది. ఇజ్రాయెల్ కంపెనీ. బ్లూ ఫ్రాగ్ అనే వాళ్ల ప్రోగ్రాములో దాదాపు అయిదు లక్షల మంది చేరారు. సభ్యుడికి ఒక స్పామ్ వస్తే, అందులో ప్రకటించిన సైటుకు "నన్ను లిస్టులోంచి తీయండి" అని ఒక్క అర్జీ పోతుంది. ఒక్కటే. కాకపోతే అందరివీ కలిసి లక్షలవుతాయి. ఎంత మర్యాదైన ప్రతీకారమో చూడండి. స్పామర్లు తమ లిస్టులు కడుక్కోవడానికి, అంటే వాటిలోంచి సభ్యుల అడ్రసులు తీసేసుకోవడానికి, ఒక పనిముట్టు కూడా ఇచ్చారు. కొందరు పెద్ద స్పామర్లు లొంగారు కూడా.

2006 మేలో ఫార్మామాస్టర్ అని పిలుచుకునే ఒకడు తిరగబడ్డాడు. కడగకముందు లిస్టు, కడిగాక లిస్టు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏమిటి? సభ్యుల అడ్రసులే! వాళ్లందరికీ బెదిరింపు మెయిళ్లు పోయాయి, స్పామ్ ఇంకా పెరిగింది. కంపెనీ సైటు మీద డీడాస్ దాడి, అంటే వేల కంప్యూటర్లతో ఒక్కసారే ముంచెత్తడం. సైటు పడిపోయిందని కంపెనీ తన సైటు పేరును టైప్‌ప్యాడ్ అనే బ్లాగుల సర్వీసులోని సొంత బ్లాగు వైపు తిప్పింది. దాడి కూడా దాని వెంటే వెళ్లి టైప్‌ప్యాడ్‌నూ, అప్పట్లో అదే సంస్థ నడిపిన లైవ్‌జర్నల్‌నూ పడగొట్టింది. లక్షల మంది బ్లాగర్లు బలి. అదే నెల మధ్యలో బ్లూ సెక్యూరిటీ చేతులెత్తేసింది.

అయిదు లక్షల మంది మీద గెలిచింది ఒక్కడి చేతిలోని బాట్‌నెట్, అంటే యజమానులకు తెలియకుండా చేజిక్కించుకున్న కంప్యూటర్ల దండు. అది కూడా అమాయకుల కంప్యూటర్లతో కట్టినదే.

కుక్కకాటు_చెప్పుదెబ్బ (9.40)

దెబ్బ గట్టిగానే తగిలింది. నాకు.

ఊసుపోక (10.05)

ఒక్కటైనా తీపి కథ చెప్పండి సార్. అలాన్ రాల్స్కీ సంగతి మర్చిపోయారా? 2002లో ఆ స్పామర్ ఒక పేపర్‌తో మాట్లాడుతూ తన కొత్త ఇంటి గురించి గొప్పలు పోయాడు. అది చదివిన నెట్ జనం ఆ ఇంటి అడ్రసు వెతికి, దొరికిన కేటలాగులన్నింటికీ ఆయన పేరు రాసేశారు. ఇంటికి రోజూ కాగితం చెత్త కుప్పలుగా వచ్చి పడింది. జంక్ మెయిల్‌తో వేధిస్తున్నారని మొత్తుకున్నాడు!

పాత_పోస్ట్‌మ్యాన్ (10.22)

అది విన్న రోజు నేనూ పగలబడి నవ్వాను, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పంపుతూనే ఉన్నాడండీ. ఆగింది ఎప్పుడు? షేర్ల ధరలు పెంచే మోసపు స్పామ్ కేసులో 2009లో నేరం ఒప్పుకొని, నాలుగేళ్లకు పైగా శిక్ష పడ్డాక.

అలసిన_ఇన్‌బాక్స్ (10.50)

రాత్రి నిద్రపోలేదు. రెండు కబుర్లు.

ఒకటి, పొద్దున చూస్తే నా అకౌంట్‌నే బిగించేశారు. తక్కువ సమయంలో ఎక్కువ మెయిళ్లు పంపానట, 24 గంటలు పంపడానికి లేదు. కారణం దగ్గర "స్పామ్ అనుమానం" అని రాసి ఉంది. నవ్వండి, పర్లేదు.

రెండు, ఆవిడకు క్షమాపణ చెప్పాలి. చెప్పాలంటే మెయిల్ పంపాలి. పంపడానికి లేదు.

నిదానం (11.02)

ఆవిడ సైటులో కాంటాక్ట్ ఫారం ఉంటుంది చూడండి. ఒక్కసారే నొక్కండి.

సర్వర్‌కాపరి (11.45)

సరే, నవ్వులు అయ్యాయి. మీ కోపానికి దారి కావాలన్నారు. ఉంది. కాకపోతే స్పామర్‌కు ఎక్కడ నొప్పి పుడుతుందో తెలిసి కొట్టాలి.

శాన్ డియెగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు, బర్కిలీ వాళ్లు కలిసి 2008లో స్టార్మ్ అనే బాట్‌నెట్‌లోకి చొరబడి లెక్క చూశారు. మందులు అమ్మే మెయిళ్లు దాదాపు ముప్పై అయిదు కోట్లు పోతే, కొనబోయినవాళ్లు 28 మంది. కోటీ పాతిక లక్షల మెయిళ్లకు ఒక్క గిరాకీ! అయినా ఆ వ్యాపారం నడిచిందంటే పంపే ఖర్చు ఎంత తక్కువో ఆలోచించండి. మీరు తిరిగి పంపే వెయ్యి మెయిళ్లు ఆ సముద్రంలో ఉమ్మినట్టే.

మరి ఇరుకు ఎక్కడుంది? డబ్బు చేతులు మారే చోట. 2011లో శాన్ డియెగో వాళ్లే స్పామ్ సైట్లలో స్వయంగా సరుకు కొని, కార్డు డబ్బు ఏ బ్యాంకుకు చేరుతోందో చూశారు. వాళ్లు పరిశీలించిన మందులు, నకిలీ సరుకులు, సాఫ్ట్‌వేర్ స్పామ్‌లో 95 శాతానికి డబ్బు వసూలు చేసిపెడుతున్నవి మూడే మూడు బ్యాంకులు. సర్వర్ పోతే గంటలో ఇంకోటి దొరుకుతుంది. దొంగ సరుకుకు కార్డు డబ్బు తీసుకునే బ్యాంకు అంత తేలిగ్గా దొరకదు. తర్వాత కొన్ని కంపెనీలు ఇలాగే సరుకు కొని, ఆధారాలతో కార్డు నెట్‌వర్కులకు ఫిర్యాదు చేయడం మొదలుపెట్టాయి. ఖాతాలు మూతపడ్డాయి, స్పామ్ వ్యాపారులు గిలగిలలాడారు.

రెండో ఇరుకు, వాళ్లకు నెట్ ఇచ్చేవాడు. 2008 నవంబరు 11న మెక్‌కోలో అనే ఒక్క హోస్టింగ్ కంపెనీకి పై కంపెనీలు లైను కోసేశాయి. ప్రపంచం మొత్తం మీద స్పామ్ ఒక్క రోజులో సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలలకు మళ్లీ లేచిందనుకోండి. నాకు మాత్రం ఆ వారం పండగే. మా సర్వర్ ఫ్యాన్ చప్పుడు తగ్గింది, నిజంగా.

అలసిన_ఇన్‌బాక్స్ (మధ్యాహ్నం 12.10)

నేను బ్యాంకులు మూయించలేను కదండీ. నా చేతిలో ఏముంది?

సర్వర్‌కాపరి (12.34)

స్పామ్ బటన్ ఉంది. దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెట్టిన నియమాలు చూడండి. జీమెయిల్‌కు రోజుకు అయిదు వేలకు పైగా పంపేవాళ్లు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టాలి, ప్రకటన మెయిళ్లయితే ఒక్క నొక్కుతో బయటపడే దారి ఇవ్వాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి మందిలో ముగ్గురు ఆ బటన్ నొక్కితే చాలు, పంపేవాడికి టెన్షన్ మొదలు. డిలీట్ కొడితే వాడికి ఏమీ కాదు.

మీ హెడర్‌లోని ఆ ఐపీ ఎవరిదో హూయిజ్ అనే నెట్ రిజిస్టరులో చూస్తే, ఫిర్యాదులు తీసుకునే వాళ్ల అబ్యూజ్ అడ్రసు ఉంటుంది. అక్కడికి హెడర్ మొత్తం పెట్టి, తిట్లు లేకుండా నాలుగు ముక్కలు రాయండి. హ్యాక్ అయిన సైటు వాళ్లకు కూడా తెలియదు పాపం. ఇది మీకు చేతకాదనుకుంటే స్పామ్‌కాప్ అనే సైటులో పడేయండి, అది హెడర్ చదివి ఫిర్యాదు ఎక్కడికి పంపాలో తేలుస్తుంది.

ఊసుపోక (12.50)

మరి అన్‌సబ్‌స్క్రైబ్? అది నొక్కితే మన అడ్రసు బతికి ఉందని వాడికి తెలిసిపోతుందంటారు.

పాత_పోస్ట్‌మ్యాన్ (1.15)

మీరు ఎప్పుడో చేరిన న్యూస్‌లెటర్ అయితే నొక్కండి. దాన్ని స్పామ్ అని కొట్టడం కూడా అన్యాయమే. ఊరూపేరూ తెలియనిదైతే ఆ లింకు జోలికి పోవద్దు. అడ్రసు బతికి ఉందని తెలిస్తే తెలిసింది, పెద్ద స్పామర్లు లిస్టులు అంత శ్రద్ధగా చూసుకుంటారని నేననుకోను. నా భయం ఆ లింకు తెరుచుకునే పేజీ గురించి. మెయిల్‌లో బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా కూడా ఆపుకోండి. తెరిచారో లేదో చెప్పేసేది ఆ బొమ్మలే.

కుక్కకాటు_చెప్పుదెబ్బ (1.40)

ఇదంతా బాగానే ఉంది గానీ కసి తీరదు. దరఖాస్తు రాసుకున్నట్టుంది.

సర్వర్‌కాపరి (2.20)

నీ బాధ అర్థమైంది తమ్ముడూ. నీలాంటివాళ్ల కోసమే తార్‌పిట్ ఉంది.

మెయిల్ పంపేటప్పుడు రెండు సర్వర్లు మాట్లాడుకుంటాయి. ఇటునుంచి జవాబు వచ్చేదాకా అటువాడు ఆగాలి. అదే కిటుకు. స్పామ్ బాట్ అని తెలిసిన ఐపీ తలుపు కొడితే పొమ్మనకుండా, సెకనుకు ఒక్క అక్షరం చొప్పున జవాబిస్తూ కూర్చోవడం. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్పామ్‌డీ అనే ప్రోగ్రామ్ ఏళ్లుగా ఈ పనే చేస్తోంది. మనం ఎవరి మీదా దాడి చేయం. వాడే మన గడప తొక్కాడు, మనం నెమ్మదిగా మాట్లాడతాం, అంతే. బాట్ ఇక్కడ ఇరుక్కున్నంతసేపు దాని ఒక కనెక్షన్ మన దగ్గరే ఉంటుంది.

తెలివైన బాట్లు అరనిమిషంలో తెంచుకుని పోతాయి, నిజం చెప్పాలి. తెలివితక్కువవి ఉంటాయి. నిన్న రాత్రి నా లాగ్‌లో ఒకటి 47 నిమిషాలు కూర్చుంది.

కుక్కకాటు_చెప్పుదెబ్బ (2.23)

నలభై ఏడు నిమిషాలా!! చివరికి ఏమని చెప్పావన్నా దానికి?

సర్వర్‌కాపరి (2.25)

"తాత్కాలిక ఇబ్బంది, కాసేపాగి మళ్లీ రండి" అని.

కుక్కకాటు_చెప్పుదెబ్బ (2.26)

ఇది కదా ప్రతీకారమంటే. ఎలా పెట్టుకోవాలో రాయి అన్నా, విడిగా ఒక టాపిక్ తెరువు.

అలసిన_ఇన్‌బాక్స్ (మూడో రోజు, సాయంత్రం 5.10)

హోస్టింగ్ కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఆ సైటు ఆపేసి, యజమానికి చెప్పారట. స్పామ్ రోజుకు నూట అరవైకి దిగింది. మిగతావి ఇంకెక్కడినుంచో. స్క్రిప్ట్ తీసేశాను.

ఆ అనువాదాల ఆవిడ కూడా రాశారు. మీ ఆరొందలు తీసేసరికి ఒక పూట పట్టింది, ఇంకా బౌన్సులు వస్తూనే ఉన్నాయి, ఫోన్ చేసి తిట్టేవాళ్లు వేరే, అన్నారు. కోప్పడలేదు. డీమార్క్ పెడితే తన పేరు వాడుకోవడం తగ్గుతుందని ఎవరో చెప్పారట, అదేమిటో మీకు తెలుసా అని అడిగారు. నాకు తెలియదు. సర్వర్‌కాపరి గారూ, మీ పేరు చెప్పనా?

సర్వర్‌కాపరి (5.32)

చెప్పండి. ఆవిడ డొమైన్ ఎక్కడ కొన్నారో, మెయిల్ ఎవరి దగ్గర ఉందో ఆ రెండూ అడిగి ఉంచండి. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీ.